చూడటానికి ఏమీ లేని చోట్లను ఎలా చూడాలి: గంజాం, చిలికా తీరంలో ఆలుమగల తీరిక ప్రయాణం

కోణార్క్ చూసిన కళ్లతో ఆదిమానవుల ఊళ్లు చూద్దామని బయలుదేరితే మొదటి చోటే నీరసం వస్తుంది. అక్కడ గోపురం ఉండదు, శిల్పం ఉండదు. వరిచేల మధ్య కాస్త ఎత్తైన నేల, దాని మీద ఒక గుడి, నాలుగు చెట్లు, మేస్తున్న ఆవులు. ‘దీనికోసమా ఇంత దూరం తీసుకొచ్చారు?’ అన్న ప్రశ్న పక్కనుంచి రాక తప్పదు. దాన్ని ఆపలేం కానీ, అది వచ్చేలోగా జవాబు సిద్ధం చేసుకోవచ్చు.

ఆంధ్రప్రదేశ్ సరిహద్దును ఆనుకుని ఉన్న గంజాం జిల్లా, దానికి ఎగువన ఖుర్దా జిల్లాలోని చిలికా ప్రాంతం ఈ పనికి బాగా పనికివస్తాయి. పాత చోట్లకు కూతవేటు దూరంలో సముద్రమో సరస్సో ఉంటుంది కాబట్టి సెలవు సెలవులాగే గడుస్తుంది. బరంపురంలో కాపురం ఉండే తెలుగువాళ్లం, ఇంటికి వచ్చే చుట్టాలకు మేం చెప్పే దారే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఇంట్లో కుదుర్చుకోవలసిన ఒప్పందం

దంపతుల్లో సాధారణంగా ఒకరికే చరిత్ర పిచ్చి ఉంటుంది. ఆ ఒక్కరే పథకం వేస్తే రోజుకు నాలుగు దిబ్బలు (పాత ఊళ్లు మిగిల్చిన ఆ ఎత్తైన నేలలే), రెండు శాసనాలు, ఒక మ్యూజియం దానిలో దూరతాయి. రెండో రోజు సాయంత్రానికి మాటలు తగ్గిపోతాయి. అందుకని బయలుదేరే ముందే ఒక మాట అనుకోండి: రోజుకు ఒక్క పాత చోటే, అదీ ఉదయం పూట. మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు రెండోవారి ఇష్టం. పడవ ఎక్కినా, పీతల కూర తిన్నా, గది వరండాలో కాళ్లు చాపుకుని కూర్చున్నా చరిత్రకారులవారు నోరెత్తకూడదు.

దీనికి ఐదు రోజులు చాలు. ఆరో రోజు చేతిలో ఉంటే దాన్ని ఖాళీగానే ఉంచండి, ఎక్కడ బాగుంటే అక్కడ ఖర్చవుతుంది. ఇంతకంటే తక్కువ రోజులుంటే ఆదిమానవుల దిబ్బ ఉన్న గోలబాయి వదిలేసి, సముద్రపు ఒడ్డున ఉన్న గోపాల్‌పూర్, అశోకుడి శాసనాలున్న జౌగఢ్‌లతో సరిపెట్టుకోవడం మేలు.

వేళ విషయంలో మాత్రం బేరం లేదు. నవంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి చివరి వరకే వెళ్లండి. అక్టోబరులో వాన తెరిపిస్తుందన్న నమ్మకంతో గదులు తీసుకునేవారున్నారు, కానీ ఈ తీరంలో తుపాన్ల నెల అదే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే. 2018 అక్టోబరులో తిత్లీ పలాస వైపు తీరాన్ని ఊడ్చేసింది. మార్చి దాటితే దిబ్బల మీద నీడ దొరకదు, వలస పక్షులు కూడా వెళ్లిపోతాయి.

రెండు మకాములు, ఒక కారు

విశాఖపట్నం నుంచి రైలులో బరంపురం నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. స్టేషను బోర్డు మీద బ్రహ్మపూర్ అని ఉంటుంది. అక్కడినుంచి గోపాల్‌పూర్ సుమారు 16 కిలోమీటర్లు, ఆటో వెళ్తుంది. మొదటి రెండు రాత్రులు గోపాల్‌పూర్‌లో, తరువాతి రెండు రాత్రులు చిలికా ఒడ్డున రంభలో గానీ బర్కూల్‌లో గానీ ఉండండి. రాష్ట్ర పర్యాటక సంస్థవారి పాంథనివాస్‌లు ఈ మూడు చోట్లా ఉన్నాయి. నన్నడిగితే రంభ నెమ్మదైనది. బర్కూల్‌లో సెలవు రోజుల్లో విహారానికి వచ్చే బస్సుల సందడి ఎక్కువ.

పాత చోట్లకు వెళ్లే రోజుల్లో మాత్రం కారు పూర్తి రోజుకు మాట్లాడుకోండి. బస్సులు పెద్ద ఊళ్లదాకానే వెళ్తాయి, దిబ్బలు పెద్ద ఊళ్లలో ఉండవు. డ్రైవరును ఎంచుకునేటప్పుడు ఊరి పేర్లు చెప్పి ‘వెళ్లారా?’ అని అడగకండి, అందరూ వెళ్లామనే అంటారు. ‘దారిలో దిగి ఊరివాళ్లను అడుగుతారా?’ అని అడగండి. బరంపురం, గోపాల్‌పూర్‌లలో తెలుగుతో రోజు గడిచిపోతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది, ఇప్పటికీ బజారులో సగం బేరాలు తెలుగులోనే సాగుతాయి. రంభ దాటాక ఒడియా, హిందీ తప్పవు. కాబట్టి ఒడియా వచ్చిన డ్రైవరే మీకు గైడు కూడా.

సంచీలో వేసుకోవలసినవి కొన్నే: గట్టి అరికాలున్న బూట్లు (పొలం గట్ల మీద చెప్పులు జారతాయి), టోపీ, నీళ్లు, చిన్న టార్చి, ఉంటే ఒక భూతద్దం. టార్చి ఎందుకో జౌగఢ్ దగ్గర చెబుతాను. పొద్దున హోటలులోనే అన్ని పనులూ ముగించుకుని బయలుదేరండి. దిబ్బల దగ్గర మరుగుదొడ్లు ఉంటాయనుకోవద్దు.

మొదటి రోజు: గోపాల్‌పూర్‌లో ఏమీ చేయకపోవడం

వచ్చిన రోజు చరిత్ర ముట్టుకోకండి. సాయంత్రం ఒడ్డున నడవండి. ఈ సముద్రంలో మునగాలని మాత్రం అనుకోవద్దు. అల విరిగే చోట కాలికింద ఇసుక ఒక్కసారిగా లోతుకు దిగిపోతుంది, లాగుడు కూడా ఎక్కువ. మోకాళ్లదాకా చాలు.

తెల్లవారాక పడవలు ఒడ్డుకు వచ్చే చోటికి వెళ్లండి. ఇక్కడి మత్స్యకారులను ఒడియావారు నోలియాలు అంటారు. వాళ్ల ఇంటి మాట తెలుగే. ‘బాబాయ్, ఏం పడింది?’ అని పలకరిస్తే వల దులుపుతూనే ముచ్చట చెబుతారు. ఆ యాసకు శ్రీకాకుళం వారైతే వెంటనే అలవాటు పడతారు, మిగిలినవారికి కాసేపు పడుతుంది. వంజరం, చందువా దొరికితే కొని, వండిపెట్టే చోటు అడిగితే చూపిస్తారు. పొద్దున్నే పడిన చేప మధ్యాహ్నం విస్తట్లోకి రావడం కంటే మంచి ఆరంభం ఏ ప్రయాణానికీ ఉండదు.

ఈ ఒడ్డునే ఒక విషయం గమనించి పెట్టుకోండి, తరువాత గోలబాయిలో పనికివస్తుంది. ఫైబరు పడవలు వచ్చాక తగ్గినా, చెక్క పడవలు బాగుచేసే వడ్రంగులు ఇంకా అక్కడక్కడా కనబడతారు. కనబడితే ఆగి చూడండి. చేతిలో బాడిస ఉంటుంది. గొడ్డలి పదును పిడికి సమాంతరంగా ఉంటే, బాడిస పదును పిడికి అడ్డంగా ఉంటుంది. గొడ్డలి చెట్టును నరుకుతుంది, బాడిస చెక్కను పలుచని పెచ్చులుగా లేపి లోపల గుల్ల చేస్తుంది. ప్రతి దెబ్బకూ ఒక పెచ్చు వంకరగా లేచి వడ్రంగి కాళ్ల దగ్గర పడుతుంది. ఆ చప్పుడు, ఆ పెచ్చుల ఆకారం గుర్తుపెట్టుకోండి.

ఫిబ్రవరి నెలాఖరున వస్తే ఋషికుల్య నది ముఖద్వారం దగ్గరి పొడంపేట, గోఖరకుడా, పురుణబంధ ఊళ్ల గురించి అడగండి. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేలకొద్దీ గుడ్లు పెట్టడానికి వచ్చే ఒడ్డు అది. ఏ రాత్రి వస్తాయో అటవీశాఖ వారికే ముందు తెలియదు, కొన్ని ఏళ్లు అసలు రావు. కాబట్టి దానికోసమే ప్రయాణం పెట్టుకోవద్దు, తగిలితే అదృష్టం. వెళ్తే ఫోను దీపం వేయకూడదు, కాపలావారు నిలబడమన్న చోట నిలబడాలి.

రెండో రోజు: జౌగఢ్

బరంపురం మీదుగా పురుషోత్తంపూర్ దారిలో గంటకు పైగా ప్రయాణం. ఎనిమిదికల్లా అక్కడ ఉండేలా బయలుదేరండి.

నిజానికి జౌగఢ్‌కు పేరు తెచ్చినది చరిత్రకు ముందుకాలం కాదు, అశోకుడు. కొండరాతి మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో ఆయన చెక్కించిన శాసనాలున్నాయి. 1850లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ వీటికి నకలు తీయించాడు. ఇప్పుడు పైన కప్పు, చుట్టూ ఇనుప కటకటాలు ఉన్నాయి. ఎదురుగా నిలబడి చూస్తే అక్షరాలు రాతి గరుకుల్లో కలిసిపోయి కనబడవు. టార్చి అక్కరకు వచ్చేది ఇక్కడే. దీపాన్ని ఎదురుగా కాక, రాతికి దాదాపు ఆనించినట్టు పక్కనుంచి వేయండి. గాట్లలో నీడ పడి వరసలు తేలతాయి. బ్రాహ్మీలో ‘క’ అక్షరం కూడిక గుర్తులా నిలువు గీత, అడ్డ గీత. ఇద్దరిలో ఎవరు ముందు పదింటిని వెతికి పట్టుకుంటారో పందెం వేసుకోండి. చరిత్ర గిట్టని వారే ఎక్కువగా గెలుస్తారు.

ఈ శాసనాల్లో ఉన్నదానికంటే లేనిది ఆసక్తికరం. కళింగ యుద్ధంలో చచ్చినవారి గురించి, తన పశ్చాత్తాపం గురించి అశోకుడు చెప్పుకున్నది, దేశంలో పలుచోట్ల ఆయన చెక్కించిన శిలాశాసనాల వరసలో పదమూడోదానిలో. అది దేశంలో మరికొన్ని చోట్ల ఉంది కానీ, కళింగలో ఉన్న జౌగఢ్‌లోనూ, భువనేశ్వర్ దగ్గరి ధౌలిలోనూ లేదు. పదకొండు, పన్నెండు, పదమూడు వదిలేసి వాటి బదులు ఇక్కడి అధికారులకు వేరే రెండు శాసనాలు చెక్కించారు. మనుషులందరూ నా బిడ్డలే అన్న మాట వాటిలోదే. ఓడిపోయిన ఊళ్లో గెలిచినవాడు ఏం రాయాలో, ఏం రాయకూడదో ఎవరో బాగా ఆలోచించారన్నమాట. నా మటుకు నాకు ఆ బుజ్జగింపు కంటే ఆ దాపరికమే ఎక్కువ చెబుతుంది. మీరు ఒప్పుకోనక్కరలేదు, కారులో వాదించుకోవడానికి మంచి విషయం.

శాసనం చూసి వెనక్కి వచ్చేయకండి, అందరూ చేసే పని అదే. అసలు మన పని ఇప్పుడు మొదలవుతుంది. మీరు నిలబడినది ఒక పాత నగరం కోట లోపల. కోట అంటే రాతిగోడ అనుకుంటారేమో, దాదాపు చదరంగా సాగిన మట్టికట్ట ఇది. దూరంనుంచి చెరువుగట్టులా కనబడుతుంది. డ్రైవరును ఆ కట్ట మీదికి ఎక్కే బాట అడిగి పైకి వెళ్లండి. లోపలివైపు పొలాలు, ఊరు, బయట ఋషికుల్య పల్లం. 1956-57లో దేబలా మిత్ర నాయకత్వంలో పురావస్తు శాఖ ఇక్కడ తవ్వినప్పుడు ఇనుప వస్తువులు, నలుపు ఎరుపు కుండ పెంకులతోపాటు నునుపుగా నూరిన రాతి గొడ్డళ్లు కూడా దొరికాయి. అశోకుడి అధికారులు వచ్చేనాటికే ఈ నది ఒడ్డు కొత్తది కాదు.

ఊరివాళ్లు మాత్రం దీన్ని పాండవుల లక్క ఇల్లు అని చెబుతారు. ‘కాదు’ అనే వాదనకు దిగకండి. ఆ కథ చెప్పే పెద్దాయనే కట్ట మీదికి దారి చూపిస్తాడు.

తిరుగుదారిలో తారాతారిణి కొండ ఉంది. 999 మెట్లు, ఎక్కలేనివారికి రోప్‌వే. పైనుంచి ఋషికుల్య మలుపు మొత్తం కనబడుతుంది, పొద్దున చూసిన చోటు నదికి ఎంత దగ్గరో అప్పుడు తెలుస్తుంది. చైత్రమాసం మంగళవారాల్లో ఆ చుట్టుపక్కలకు కూడా పోవద్దు, ఇసుక వేస్తే రాలదు. మధ్యాహ్నానికి గోపాల్‌పూర్ చేరి నిద్రపోండి.

మూడో రోజు: రంభకు మారడం

ఇది సగం రోజు ప్రయాణం, మిగతా సగం పడవ. ఛత్రపురం, గంజాం ఊళ్ల మీదుగా వెళ్తుంటే పొలం గట్ల వెంట ముళ్ల ఆకులతో గుబురుగా పెరిగిన మొగలి పొదలు కనబడతాయి. దేశంలో మొగలి అత్తరు చాలావరకు ఈ జిల్లాదే. పువ్వు వానాకాలంలో వస్తుంది కాబట్టి చలికాలంలో వాసన కోసం ముక్కు ఎగబీల్చకండి. అత్తరు సీసా కొనాలంటే చిన్నది కొనండి. నకిలీలు కూడా ఉంటాయి, పెద్ద సీసా చవగ్గా ఇస్తున్నారంటే అనుమానించాలి.

రంభ దగ్గర ఒక సంగతి. చిలికా దక్షిణ కొసన ఉన్న పాలూరు కొండల ప్రాంతమే రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళవేత్త టోలెమీ రాసిన పలౌరా రేవు అని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. తీరం వెంట కాక నడిసముద్రం మీదుగా తూర్పు దేశాలకు ఓడలు తిరిగే చోటు ఆ దగ్గరే అని ఆయన రాశాడు. ఇప్పుడక్కడ చూడటానికి రేవు ఏమీ లేదు, ఆ కొండలను పడవలోంచి చూస్తే చాలు.

పడవ మాట్లాడుకునేటప్పుడు గంటకు ఎంత, ఏ దీవులు, ఎంతమంది అన్నది ఎక్కకముందే తేల్చుకోండి. లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే అడిగి వేసుకోండి. రంభ నుంచి బ్రేక్‌ఫాస్ట్ దీవి, ఘంటశిల, బర్కుదా వైపు వెళ్లవచ్చు. బర్కుదా దీవిలో కాళ్లు లేని ఒక బల్లిని గుర్తించి 1917లో దానికి బర్కుడియా అని పేరు పెట్టారు. అది మట్టిలో దాక్కుని బతుకుతుంది, మీకు కనబడదు. కానీ పడవలో ఈ మాట చెబితే పక్కవారు కాళ్లు పైకి తీసుకుంటారు. డాల్ఫిన్లు చూడాలంటే సాతపడా వైపే వెళ్లాలి, అది సరస్సుకు అవతలి కొస, పూరీ దారి. ఇక్కడే చూపిస్తామని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

పడవ సాగుతుండగా పడవవాడి గెడ చూడండి. చాలాచోట్ల గెడ నేలకు తగులుతుంది. చిలికా పేరుకు సముద్రమంత సరస్సు, వానాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లు దాటి వేసవికి 900 చదరపు కిలోమీటర్లకు తగ్గుతుంది. లోతు మాత్రం చాలాచోట్ల మనిషి లోతుకు మించదు. ఒకప్పుడు ఇది సముద్రపు పాయ. ఇసుక మేట అడ్డంగా పెరిగి సరస్సుగా మిగిలింది. నదుల మంచినీరు, సముద్రపు ఉప్పునీరు కలిసే చోటు, లోతు తక్కువ, కెరటాలు లేవు, చేపలు, రొయ్యలు, పక్షులు పుష్కలం. పడవ కొత్తగా నేర్చుకునే మనుషులకు ఇంతకంటే మంచి బడి ఎక్కడ దొరుకుతుంది? ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే రేపటి దిబ్బ దానంతట అదే అర్థమవుతుంది.

నాలుగో రోజు: మంగళాజోడి, గోలబాయి

ఈ రోజు తెల్లవారుజామునే లేవాలి, ఒప్పందంలో ఇది ముందే చేర్చుకోండి. చీకటి ఉండగా బయలుదేరి, జాతీయ రహదారి మీద బాలుగావ్ దాటి, టాంగి దగ్గర, వలస పక్షులు చేరే మంగళాజోడికి తిరగండి. మోటారు లేని పడవ, గెడతో నడిపే మనిషి, తుంగ మధ్య సన్నని నీటిదారి. నల్లతోక గాడ్విట్‌లు, సూదితోక బాతులు, ఊదారంగు నీటికోళ్లు పడవకు పదడుగుల దూరంలో పట్టించుకోకుండా మేస్తుంటాయి. ఒకప్పుడు ఈ ఊరివాళ్లు ఇవే పక్షులను వేటాడి అమ్మేవారు. ఇప్పుడు వాళ్లే కాపలా. పడవ నడిపే ఆయన ఆ వేట రోజుల గురించి చెబుతాడేమో అడిగి చూడండి, గైడు పుస్తకాల్లో దొరకని మాటలు వస్తాయి.

తొమ్మిదికల్లా బయటపడి టిఫిను చేయండి. గుగ్నీతో బరా, అంటే బఠాణీ కూరతో గారెలు, ఏ టీ కొట్టులోనైనా దొరుకుతుంది. తరువాత ఖుర్దా వైపు రహదారి మీద సాగి, జంకియా ప్రాంతంలో తూర్పుకు తిరిగి గోలబాయి శాసన్ అని అడుగుతూ వెళ్లాలి. ఒక జాగ్రత్త: పురావస్తు వ్యాసాల్లో గోలబాయితోపాటు గోపాల్‌పూర్ అని మరో నవీన శిలాయుగం (రాతిని నూరి పనిముట్లు చేసుకున్న కాలం) చోటు పేరు కనబడుతుంది. అది మీరు మకాం వేసిన సముద్రపు గోపాల్‌పూర్ కాదు, నయాగఢ్ జిల్లాలోని వేరే ఊరు. బీచ్‌లో దిబ్బ కోసం వెతికినవారున్నారు.

గోలబాయి మల్లగుణి నది ఒడ్డున ఉంది, ఆ నీళ్లు చివరికి చిలికాకే చేరతాయి. దిబ్బ మీద మల్లికేశ్వరుడి గుడి ఉంది. ముందు గుడికి వెళ్లి దండం పెట్టుకోండి. ఊరివాళ్లకు మీరు ఎవరో, ఎందుకు వచ్చారో అర్థం కావడానికి అది దగ్గరి దారి. ఆ తరువాత మూడు పనులు చేయండి.

మొదటిది, దిబ్బ చుట్టూ కింద నుంచి ఒక చుట్టు నడవండి. పైకి ఎక్కేస్తే అది దిబ్బ అనే తెలియదు. కింద పొలంలో నిలబడితే నేల ఎక్కడ లేస్తోందో తెలుస్తుంది. ఆ ఎత్తు కొండ కాదు. మట్టి గోడలు కూలితే వాటి మీదే మళ్లీ కట్టుకుని, పొయ్యి బూడిద, ఎముకలు, పగిలిన కుండలు అక్కడే పారేసుకుంటూ మనుషులు పెంచిన ఎత్తు. 1990ల మొదట్లో భారత పురావస్తు సర్వేక్షణ వారు తవ్వినప్పుడు నవీన శిలాయుగం, దానిపైన తామ్ర శిలాయుగం (రాయితోపాటు రాగి వాడిన కాలం), ఆపైన ఇనుము వచ్చిన కాలం పొరలు పొరలుగా కనబడ్డాయి. గుండ్రని గుడిసెల నేలలు, వాటి చుట్టూ గుంజలు పాతిన గుంతలు దొరికాయి.

రెండోది, కాలిబాట కోసుకుపోయిన చోటో, వానకు మట్టి కొట్టుకుపోయిన అంచో వెతికి అక్కడ గొంతుకూర్చోండి. నిలబడి చూస్తే మట్టి. కూర్చుని చూస్తే బూడిదరంగు చార, ఎర్రగా కాలిన చార, పెంకుల కొసలు. పెంకు ఒకటి పైకి తేలి ఉంటే తీయకుండానే భూతద్దంతో చూడండి. లోపలివైపు సన్నని గీతలు వరసగా ఒకే దిక్కులో తిరిగితే అది కుమ్మరి సారె మీద చేసినది, మొన్నమొన్నటిది కూడా కావచ్చు. గీతలు లేకుండా మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువగా ఉంటే చేత్తో మలిచినది కావచ్చు, బయట తాడు ఒత్తిన గుర్తులుంటే ఇంకా నమ్మకం. లోపల నలుపు, బయట ఎరుపు ఉంటే కుండను బోర్లించి కాల్చారన్నమాట. గాలి తగలని వైపు నల్లబడింది, తగిలిన వైపు ఎర్రబడింది. ఇంట్లో వాడిన మట్టిపాత్రలో కూడా ఇలాంటి రంగులు వస్తాయి కాబట్టి ప్రతి నల్ల పెంకూ ఆదిమానవుడిదే అని గంతులేయవద్దు.

ఒక్క పెంకు కూడా జేబులో వేసుకోవద్దు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం, 1972 నాటి పురావస్తువుల చట్టం సంగతి అటుంచండి. పెంకు విలువ అది ఏ పొరలో ఉందన్నదానిలోనే ఉంది. మీ షోకేసులో అది ఉత్త పెంకు.

మూడోది, నది వైపు తిరిగి నిలబడండి. ఇక్కడ దొరికిన నూరిన రాతి పనిముట్లలో బాడిసలు ముఖ్యమైనవి. చెక్క పనికి, పడవలు తొలచడానికి వీటిని వాడి ఉంటారని పరిశోధకులు అంటారు. గోపాల్‌పూర్ ఒడ్డున చూసిన పెచ్చులు గుర్తున్నాయి కదా? పదును పిడికి అడ్డంగా ఉండే ఆ పనిముట్టే ఇది, ఇనుము బదులు రాయి. ఒక మానును తొలిచి, ఈ నదిలో వదిలితే ప్రవాహమే చిలికాకు తీసుకుపోతుంది. నిన్న గెడ నేలకు తగిలిన నీళ్లు అవే. ‘దీనికోసమా తీసుకొచ్చారు?’ అన్న ప్రశ్నకు జవాబు ఈ చోటే చెప్పాలి, అంతకుముందు చెబితే పండదు.

ఇంకా ఒప్పుకోకపోతే తిండి దారిన వెళ్లండి. ఈ దిబ్బ మట్టిని నీళ్లలో కలిపి జల్లించి, మాడిపోయిన గింజలను వేరు చేసి పరిశీలించారు. వరి ఉంది, ఉలవలు ఉన్నాయి, కందులు కూడా ఉన్నాయి. కందికి సంబంధించి మనకు దొరికిన చాలా పాత ఆధారాల్లో గోలబాయి ఒకటి. కంది పుట్టిల్లు ఒడిశా, దాని చుట్టుపక్కల ప్రాంతాలే అని ఎక్కువమంది శాస్త్రవేత్తలు నమ్ముతున్నారు, దాని అడవి చుట్టం ఇప్పటికీ ఈ కొండల్లో పెరుగుతుంది. ముద్దపప్పు లేనిదే ముద్ద దిగని మనకు ఇంతకంటే దగ్గరి చుట్టరికం ఏ కోటతో ఉంది? ఆ రాత్రి రంభలో దాల్మా అడగండి. కందిపప్పులో గుమ్మడి, అరటికాయ, వంకాయ ముక్కలు వేసి, నేతి పోపు పెట్టినది. అన్నంలో కలుపుకుంటే పరాయి వంట అనిపించదు.

మధ్యాహ్నం నుంచి ఒప్పందం ప్రకారం రెండోవారిదే రాజ్యం. పీతలు బాలుగావ్ బజారులో బతికినవి కొనవచ్చు. వండిపెట్టమని మకాంలో ముందే అడిగి ఉంచుకోండి.

ఐదో రోజు: తిరుగు దారి, రెండు రకాలు

దొరికిన వస్తువులను కంటితో చూడాలని ఉంటే భువనేశ్వర్ వెళ్లండి. ఒడిశా రాష్ట్ర మ్యూజియంలో రాతి గొడ్డళ్లు, బాడిసలు గాజు వెనుక ఉన్నాయి. సోమవారం మూసి ఉంటుంది, రోజు చూసుకుని పెట్టుకోండి. దిబ్బ చూసిన తరువాతే మ్యూజియం చూడాలి. ముందు మ్యూజియం చూస్తే అవి రాళ్లలాగే కనబడతాయి.

మ్యూజియాలు చాలనుకుంటే బరంపురం వచ్చేయండి. పట్టుచీరలకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుడి శిఖరాల్లాంటి ఫోడా కుంభం అంచు ఇక్కడి గుర్తు. దుకాణంలో ఆ అంచు పేరు చెప్పి అడిగితే బేరం కాస్త గౌరవంగా మొదలవుతుంది. అప్పడాలు, పచ్చళ్లు కొనేవారు చీరల తరువాత కొనండి, ముందు కొంటే నూనె చీరల సంచీకి అంటుతుంది.

రైలులో విశాఖ వైపు వెళ్లేవారికి ఇంకొకటి మిగిలింది. శ్రీకాకుళం రోడ్ స్టేషనులో, అంటే ఆమదాలవలసలో, దిగితే దగ్గరలోనే దన్నానపేట రాక్షస గూడు ఉంది. బృహత్ శిలా యుగపు, అంటే పెద్ద పెద్ద బండలతో సమాధులు కట్టిన కాలపు, సమాధి అది. పైన కప్పిన ఒకే బండ సుమారు 36 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు. గోలబాయిలో చూపించడానికి ఏమీ లేదని అలిగినవారికి ఇక్కడ కళ్లముందే పెద్ద బండ ఉంటుంది. స్టేషను బయట ఆటో మాట్లాడుకుని, వెయిటింగుతో కలిపి రానుపోను బేరం కుదుర్చుకోండి. తరువాతి రైలుకు మూడు గంటల వ్యవధి ఉంటే హడావిడి లేకుండా చూసి రావచ్చు. బండ మీదికి ఎక్కి ఫొటోలు దిగకండి, సామాను మాత్రం ఆటోలో వదలకండి.